కిచెనర్‌లో యాంటెన్నాకి రేడియో-కెనడా ఫ్రెంచి ఛానల్ అందుతుందా?

ప్రశ్న: కిచెనర్ కోడలు

అందరికీ నమస్కారం. టీవీ యాంటెన్నాల సంగతి తెలిసినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే కాస్త దారి చూపండి. రెండు వారాలుగా మా ఇంట్లో నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

మేము కెనడాలో, ఒంటారియోలోని కిచెనర్‌లో ఉంటాం. నేను ఫ్రెంచి నేర్చుకుంటున్నాను, సరదాకి కాదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే కెనడాలో శాశ్వత నివాసానికి పాయింట్లు చూసి పిలిచే పద్ధతిలో, నా పాయింట్లు గట్టు దాటడం లేదు. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవారిని విడిగా పిలుస్తున్నారు కదా, ఆ ఆశ. చదవడం, రాయడం, మాట్లాడటం, వినడం నాలుగింటిలోనూ ఏడో స్థాయి రావాలి. చదవడం, రాయడం ఎలాగో నెట్టుకొస్తున్నాను. వినడం దగ్గర బండి దిగబడిపోయింది. పాఠాల యాప్‌లో ఆవిడ పసిపిల్లకు గోరుముద్దలు పెట్టినట్టు ఒక్కో మాటా విడదీసి చెబుతుంది. నిజం మనుషులు మాట్లాడితే మాత్రం ఊపిరి తిప్పుకోకుండా దండకం చదివినట్టు ఉంటుంది.

మా టీచరు ఒక మాట అన్నారు: "రోజూ గంటసేపు రేడియో-కెనడా టీవీ చూడు. ప్రభుత్వ ఛానల్, గాలిలో ఉచితంగా వస్తుంది." సరే అని నలభై డాలర్లు పెట్టి కాగితం పలకలాంటి యాంటెన్నా కొన్నాను. మేముండేది బేస్‌మెంట్. కిటికీకి అతికించి వెతికితే స్థానిక ఇంగ్లీషు ఛానళ్లు రెండు వచ్చాయి. ఫ్రెంచి ఛానల్ జాడ లేదు. తలుపు మీద, ఫ్రిజ్ మీద, చివరికి దేవుడి పటం వెనక కూడా పెట్టి చూశాను. అత్తగారు వీడియో కాల్‌లో ఉండగా అదంతా చూసి "ఏమిటమ్మా ఆ పలక, దిష్టి తీస్తున్నావా?" అన్నారు.

ఒక పటంలో టొరంటో నుంచి రేడియో-కెనడా వచ్చే 25వ ఛానల్ అందే మేర అంటూ గీసిన గీత మా ఊరి మీదుగానే పోతోంది. ఇంటి వెనక పెరట్లో మూడు కాళ్ల పాత ఇనుప టవరు ఒకటి తుప్పు పట్టి నిలబడి ఉంది. ఇంటి యజమాని పెద్దాయన "కావాలంటే వాడుకో, పడకపోతే చాలు" అన్నారు. దాని మీద పెద్ద యాంటెన్నా పెడితే 25 వస్తుందా? ఇంకో నూట యాభై డాలర్లు పెట్టవచ్చా? మావారు మాత్రం "ఆ డబ్బుతో బిర్యానీ తిందాం" అంటున్నారు.

జవాబు: ఎల్‌పీటీ తాత

అమ్మా, మీ ప్రశ్న చూడగానే చాలా ఏళ్ల తర్వాత కాగితం, పెన్సిలు తీశాను. నేను దూరదర్శన్ సాంకేతిక విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మిస్సిసాగాలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. 1980లలో రాయలసీమలో ఒక చిన్న ఊళ్లో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్ చూసుకునేవాడిని. దాన్నే ఎల్‌పీటీ అనేవాళ్లం. దాని శక్తి 100 వాట్లు, అంటే ఇంట్లో పాత బల్బంత. పదిహేను కిలోమీటర్లు దాటితే బొమ్మ చెదిరిపోయేది. అయినా ఇరవై ఐదు కిలోమీటర్ల అవతల ఊళ్లవాళ్లు రెండు వెదురు బొంగులు కలిపి కట్టి, వాటి మీద చేపముల్లు యాంటెన్నా ఎక్కించి, "మీ వాళ్లు బొమ్మ సరిగ్గా వదలడం లేదు" అని మా గేటు దగ్గరికి వచ్చి దెబ్బలాడేవారు. కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు.

ఇక లెక్క చూద్దాం. మీరు వెతుకుతున్న స్టేషన్ టొరంటోలోని సీబీఎల్ఎఫ్‌టీ. అది 1973లో మొదలైంది. రేడియో-కెనడా టీవీ మాంట్రియల్‌లో 1952 సెప్టెంబరు 6నే వచ్చింది. టొరంటోలో ఇదే ప్రభుత్వ సంస్థ ఇంగ్లీషు ఛానల్ సీబీసీ దాని తర్వాత రెండు రోజులకు వచ్చింది. అంటే టొరంటోలో ఉన్న ఫ్రెంచివాళ్లు తమ భాషలో స్టేషన్ కోసం ఇరవై ఏళ్లు ఆగారన్నమాట. ఇప్పుడు దాని యాంటెన్నా సీఎన్ టవరు మీద ఉంది. టవరు మొత్తం ఎత్తు 553 మీటర్లు. ప్రసార యాంటెన్నాలు పైభాగంలో ఉంటాయి. మన లెక్కకు 500 అనుకుందాం.

టీవీ తరంగాలు దాదాపు చూపు ఎంత దూరం ఆనుతుందో అంత దూరమే పోతాయి. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 500కు 92. మీ పెరటి టవరు 9 మీటర్లు ఉందనుకుంటే దాని వంతు 12. రెండూ కలిపితే 104. సీఎన్ టవరు నుంచి కిచెనర్‌కు నేరుగా గీత గీస్తే దూరం సుమారు 90. కాగితం మీద మీ ఊరికి అందాలి. మీరు చూసిన పటం గీసినవాడూ ఈ పాటి లెక్కే వేసుకుని ఉంటాడు.

కానీ నేల బల్లపరుపుగా లేదు తల్లీ. టొరంటోలో టవరు పాదం సరస్సు ఒడ్డున, సముద్ర మట్టానికి 80 మీటర్ల లోపే ఉంది. మీ కిచెనర్ 330 మీటర్ల దగ్గర ఉంది. మీ గుమ్మంలో నిలబడి చూస్తే ఆ 500 మీటర్ల ఎత్తులో సగం నేలలోకి దిగిపోతుంది, మిగిలేది 250. ఇప్పుడు మళ్లీ లెక్క వేయండి: 65కు 12 కలిపితే 77. మీకు కావలసింది 90. దారిలో మిల్టన్ దగ్గర నయాగరా కొండచరియ గోడలా అడ్డం నిలబడి ఉంటుంది, అది వేరే.

పాత అనలాగ్ రోజులైతే చుక్కలు చుక్కలుగానైనా మనిషి ఆకారం కనిపించేది. మా ఊళ్లో ఆ చుక్కల్లోంచే రామాయణం చూసి హారతులిచ్చారు. డిజిటల్‌లో ఆ దయ లేదు. వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే నల్ల తెర. నడిమధ్యన ఏమీ ఉండదు.

కాబట్టి నూట యాభై డాలర్లు పెట్టవద్దు. పాత యాంటెన్నా ఎవరైనా ఊరికే ఇస్తే ఎక్కించి చూడండి. యూహెచ్ఎఫ్‌ది, అంటే ఇలాంటి పెద్ద నంబరు ఛానళ్ల తరంగాలు పట్టే రకం కావాలి. తూర్పు ముఖంగా, కొంచెం ఉత్తరానికి మళ్లించి పెట్టండి. ఎక్కేటప్పుడు మనిషిని కింద నిలబెట్టుకోండి. పిడుగులు పడే కాలంలో టవరుకు నేల తీగ (ఎర్తింగ్) లేకుండా ఇంట్లోకి వైరు తీసుకోవద్దు.

ఇంకో సంగతి. మీ కిచెనర్‌లోనే ఈ ఛానల్‌కు ఒక రిలే ట్రాన్స్‌మిటర్, అంటే టొరంటో ప్రసారాన్ని అందుకుని తిరిగి వదిలేది, ఉండేది. 2012 జులై 31న ఆపేశారు. అది ఉన్నట్టయితే మీ కిటికీ మీద పలకకే బొమ్మ వచ్చేది.

జవాబు: లెక్కల బాబు

ఈ యుగంలో యాంటెన్నా ఎందుకండీ? టూ.టీవీ అని రేడియో-కెనడా వాళ్లదే యాప్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది. ఉచితంగా ఖాతా తెరిచి ప్రత్యక్ష ప్రసారం చూసుకోవచ్చు. డబ్బు కట్టే భాగం వేరే ఉంది, దాని జోలికి వెళ్లనక్కర్లేదు. బేస్‌మెంట్‌లో కూర్చుని తుప్పు టవరు ఎక్కాలనుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. తాతగారు లెక్క బాగా చెప్పారు గానీ గాలిలో టీవీ చూసేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? అందుకే మూసేశారు.

జవాబు: సడ్బరీ చలి

ఎవరున్నారని అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా పక్కింటి ముసలమ్మ ఉంది.

నేను సడ్బరీలో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నాను. టొరంటోకు నాలుగు గంటల ప్రయాణం ఉత్తరానికి. ఒంటారియో అంటే ఇంగ్లీషు అనుకుని వచ్చాను. ఇక్కడ దిగాక కొట్లో, చర్చిలో, ఆసుపత్రి వరండాలో ఫ్రెంచి వినిపిస్తే బస్సు తప్పు ఊళ్లో దించిందా అనుకున్నాను. ఒంటారియోలో ఫ్రెంచివాళ్లు ఆరు లక్షలకు పైనే. తెలుపు, ఆకుపచ్చ రంగుల జెండా ఒకటి వాళ్లకు విడిగా ఉంది. దాన్ని మొదటిసారి ఎగరేసింది మా ఊరి విశ్వవిద్యాలయంలోనే, 1975 సెప్టెంబరు 25న.

ముసలమ్మ ఇంట్లో టీవీ మీద ఇప్పటికీ కుందేలు చెవుల యాంటెన్నా ఉంది. ఆ చెవులకు క్రిస్మస్ రంగు కాగితాలు చుట్టింది, ఎందుకంటే అది ఇక అలంకారమే. సడ్బరీ, టిమిన్స్, కపస్కేసింగ్, హర్స్ట్ ఊళ్లలో ఉన్న రిలేలు అన్నీ 2012లో ఒకే రోజు ఆగిపోయాయి. ఆవిడ సాయంత్రం వార్తల వేళకు టీవీ పెడితే బుసబుసమనే శబ్దం తప్ప ఏమీ లేదట. "నా టీవీ చెడిపోయిందని మెకానిక్‌ను పిలిచాను, ఇరవై డాలర్లు తీసుకుని నీ టీవీ బాగుంది, మీ స్టేషనే లేదు అన్నాడు" అని చెప్పింది. ఆ తర్వాత కేబుల్ పెట్టించుకుంది. అప్పటినుంచి కడుతూనే ఉంది.

హర్స్ట్ లాంటి ఊళ్లో ఫ్రెంచివాళ్లే ఎక్కువ. అక్కడ గాలిలో ఫ్రెంచి టీవీ లేదు. టొరంటోలో ఉంది, అక్కడ వీధిలో ఫ్రెంచి వినాలంటే వెతుక్కోవాలి. ఇది నాకు మింగుడు పడదు. 2013లో ఈ సంస్థ తన పేరులోంచి రేడియో-కెనడా తీసేసి ఉత్త "ఇసీ" అని పెట్టుకుందామనుకుంది. జనం గొడవ చేస్తే రెండూ కలిపి ఉంచారు. ఇసీ అంటే "ఇక్కడ" అని అర్థం. ముసలమ్మ ఆ మాట వచ్చినప్పుడల్లా చెవుల యాంటెన్నా వైపు చూసి నవ్వుతుంది.

జవాబు: ఎల్‌పీటీ తాత

లెక్కల బాబు గారూ, మీరు చెప్పిన యాప్ మంచిదే, అమ్మాయికి అదే పనికొస్తుంది. కానీ "ఎవరూ చూడరు కాబట్టి మూసేశారు" అనేది సగం నిజం. నాకు తెలిసినంతలో మిగతా సగం చెబుతాను.

కెనడాలో 2011 ఆగస్టు 31 నాటికి పెద్ద ఊళ్లలో టీవీ స్టేషన్లు డిజిటల్‌కు మారాలని గడువు పెట్టారు. చిన్న ఊళ్లకు ఆ గడువు పెట్టలేదు, అనలాగ్ నడుపుకోవచ్చన్నారు. తర్వాతి ఏడాది ప్రభుత్వం బడ్జెట్‌లో రెండు భాషల్లోనూ ఛానళ్లు నడిపే ఈ సీబీసీ సంస్థకు మూడేళ్లలో 11.5 కోట్ల డాలర్లు కోత పెట్టింది. కోత పడితే ముందు ఎక్కడ చెయ్యి పడుతుంది? నటులనో, వార్తలనో తీసేస్తే మర్నాడే పత్రికలకెక్కుతుంది. అడవిలో, గుట్ట మీద ఒంటరిగా ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను ఆపితే అడిగేవాడు ఉండడు. ఇంగ్లీషు, ఫ్రెంచి కలిపి 600కు పైగా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు ఆ జులై ఆఖరున ఆపేశారు. దేశం మొత్తానికి రెండు భాషలకూ కలిపి డిజిటల్‌వి 27 మిగిలాయి. పటం తీసి ఈ 27నూ పెట్టి చూడండి, పెద్ద పళ్లెంలో అక్కడక్కడా ఆవగింజల్లా ఉంటాయి.

ఇందులో చట్టం మాట కూడా ఉంది. 1991 ప్రసార చట్టం ఏమంటుందంటే, సీబీసీ కార్యక్రమాలు దేశమంతటా అందుబాటులో ఉండాలి, అదీ తగిన, సమర్థమైన మార్గంలో, వనరులు సమకూరే కొద్దీ. యాంటెన్నా అన్న మాట అందులో ఎక్కడా లేదు. కేబుల్ ఉంది, ఉపగ్రహం ఉంది, వాటిలో ఛానల్ వస్తోంది, కాబట్టి అందినట్టే. వకీలుకు ఆ వాక్యం చాలు. ముసలమ్మకు నెలనెలా బిల్లు.

మనవైపు కూడా అదే జరిగింది. నేను చూసుకున్న ఎల్‌పీటీని ఎప్పుడో మూసేశారు. 1984లో ఇంచుమించు రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు పెట్టిన సంస్థే తర్వాత వాటిని వరసగా దించేసింది. కాకపోతే మనకు బదులుగా ఉచిత డిష్ ఇచ్చారు, పెట్టె ఒకసారి కొనుక్కుంటే నెలకు కట్టేది లేదు. ఇక్కడ అలాంటిది లేకపోవడమే నాకు లోటుగా కనిపిస్తుంది. 2016 మార్చి నుంచి కేబుల్ కంపెనీలు 25 డాలర్లకు మించకుండా కనీస ప్యాకేజీ ఇవ్వాలని నియమం పెట్టారు, కానీ 25 కూడా సున్నా కాదు కదా.

అమ్మా కిచెనర్ కోడలూ, ఇదంతా మీ ప్రశ్నకు బయటిది. ముసలితనం. క్షమించండి.

మళ్లీ కిచెనర్ కోడలు

తాతగారూ, క్షమించమనడం ఏమిటండీ, మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. 77, 90 లెక్క చూపించాక మావారు నవ్వడం మానేశారు.

అయితే మీ మాట పూర్తిగా వినలేదు. ఇంటి పెద్దాయన గ్యారేజీలో వాళ్ల నాన్నగారి కాలం నాటి పెద్ద యాంటెన్నా దొరికింది. పొడుగు కడ్డీకి అటూ ఇటూ అల్యూమినియం పుల్లలు, సగం వంగిపోయి ఉన్నాయి. పెద్దాయనే శనివారం కూర్చుని శ్రావణంతో ఒక్కొక్కటీ తిన్నగా చేశారు. డెబ్బై ఏడేళ్ల మనిషి. మావారు టవరు ఎక్కారు, నేను కింద, పెద్దాయన కిటికీలోంచి టీవీ చూస్తూ అరవడం. తూర్పు, కొంచెం ఉత్తరం. ఏమీ లేదు. ఇంకా కొంచెం తిప్పితే బఫెలో నుంచి అమెరికా ఛానల్ ఒకటి వచ్చింది. మళ్లీ వెనక్కి తిప్పాం. ఏమీ లేదు. చేతులు నల్లబడ్డాయి, టీ తాగాం.

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు నాకు షిఫ్టు. కాఫీ పెట్టుకుంటూ ఊరికే టీవీ పెట్టాను. బయట పొగమంచు, ఎదురింటి కంచె కూడా కనబడటం లేదు. ఛానళ్లు వెతకమని నొక్కాను. 25.1 వచ్చింది!

బొమ్మ అద్దంలా ఉంది. పిల్లల కార్యక్రమం ఏదో వస్తోంది. బొచ్చు బొమ్మ ఒకటి చొక్కా బొత్తాలు పెట్టుకోలేక తిప్పలు పడుతోంది. నాకు పూర్తిగా అర్థమైంది! రిమోట్‌లో సీసీ అని ఉంటే నొక్కాను, కింద ఫ్రెంచి అక్షరాలు పడ్డాయి. మాట, అక్షరం రెండూ కలిసి వస్తుంటే యాప్ పాఠాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మావారిని లేపడానికి పరిగెత్తాను. ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి తెర గళ్లు గళ్లుగా పగిలి, నల్లగా అయిపోయింది. మొత్తం పదకొండు నిమిషాలు. మళ్లీ రాలేదు. నాకు కల వచ్చిందని ఇంట్లో నిర్ధారణ అయిపోయింది.

జవాబు: ఎల్‌పీటీ తాత

కల కాదు. అలాంటి తెల్లవారుజాములు మాకు బాగా తెలుసు.

రాత్రి నేల చల్లబడి, నేల మీద గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. మామూలుగా ఎత్తుకు వెళ్లే కొద్దీ చల్లబడాలి, ఇక్కడ తిరగబడింది. ఆ వెచ్చటి పొర కింద తరంగం చిక్కుకుని, పైకి పోయేది కాస్తా నేల వైపుకు వంగుతుంది. కొండచరియ దాటి, మీ ఊరి మీదికి దిగుతుంది. గాలి కదలని, పొగమంచు పట్టిన వేళల్లో ఇది ఎక్కువ. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే ఆ పొర చెదిరిపోతుంది, బొమ్మ పోతుంది. మా ట్రాన్స్‌మిటర్ దగ్గర చలికాలం పొద్దున్నే ఎక్కడిదో తమిళ స్టేషన్ మా తెర మీదికి వచ్చి కూర్చునేది. మా వాచ్‌మన్ దాన్ని "చుట్టం" అనేవాడు. చుట్టాన్ని నమ్ముకుని వంట మానకూడదు.

ఇప్పుడు మీకు అసలు మార్గం చెబుతాను. మొదటే చెప్పాల్సింది, టీవీ ధ్యాసలో పడి మరిచాను.

మీకు కావలసింది వినడం. పరీక్షలో వినే భాగంలో బొమ్మ ఉండదు, గొంతు ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు రేడియో ఎందుకు పట్టుకోకూడదు? ఇదే సంస్థ ఫ్రెంచి రేడియో స్టేషన్ సీజేబీసీ, మీడియం వేవ్ మీద 860 కిలోహెర్ట్జ్. శక్తి 50 కిలోవాట్లు. నా ఎల్‌పీటీ లాంటివి ఐదు వందలు కలిపితే అంత. ట్రాన్స్‌మిటర్ ఉన్నది టొరంటో నడిబొడ్డున కాదు, మిల్టన్ పక్కన హార్న్‌బీలో, అంటే మీ వైపే. మీడియం వేవ్‌కు చూపుతో పని లేదు, నేలను పట్టుకుని పాకుతూ పోతుంది. కొండచరియ దానికి గడప లాంటిది. విజయవాడ రేడియో కేంద్రం మన ఊళ్లన్నిటికీ ఎలా వినబడేదో అలాగే. రాత్రిపూట ఆకాశంలోంచి తిరిగి పడి అమెరికాలో చాలా దూరం వినబడుతుంది.

ఈ స్టేషన్‌కు ఒక కథ ఉంది. ముందు ఇంగ్లీషులో నడిచేది. 1964లో పూర్తిగా ఫ్రెంచికి మార్చారు. "మా స్టేషన్ లాక్కుంటారా" అని టొరంటోలో చాలామంది మండిపడ్డారు. ఆ కోపం వచ్చినవాళ్లు ఎప్పుడో పోయారు, స్టేషన్ మిగిలింది.

బేస్‌మెంట్‌లో మాత్రం పెట్టవద్దు. ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు మీడియం వేవ్‌లో కందిరీగల్లా రొద చేస్తాయి. మీ కారులో పెట్టి చూడండి. కొత్త విద్యుత్ కార్లలో కొన్నిటికి ఆ బ్యాండే తీసేశారు. మీది పాతదైతే అదృష్టం.

జవాబు: యానాం పంతులమ్మ

ఆలస్యంగా చూశాను. నేను యానాంలో పుట్టి పెరిగాను. మా ఊరు 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండేది. ఇప్పుడు కాకినాడలో ఫ్రెంచి చెబుతున్నాను.

ఒక జాగ్రత్త. మీరు రేడియో-కెనడా వింటే వచ్చేది అక్కడి ఫ్రెంచి. పరీక్ష రూపొందించేది ఫ్రాన్స్‌లో. రెండూ ఒకే భాష, కానీ ఆనపకాయ అన్నచోట సొరకాయ అంటారు. ఫ్రాన్స్‌లో పొద్దున తినేది పెతీ దెజూనే, మధ్యాహ్నం దెజూనే, రాత్రి దీనే. కెనడాలో ఫ్రెంచి ఎక్కువగా మాట్లాడే క్యుబెక్‌లో పొద్దునే దెజూనే, మధ్యాహ్నం దీనే, రాత్రి సూపే. "దీనేకి రండి" అని పిలిస్తే ఫ్రాన్స్ మనిషి రాత్రి వస్తాడు, అప్పటికి గిన్నెలు కడిగేసి ఉంటారు. శని, ఆదివారాలను ఫ్రాన్స్‌వాళ్లు ఇంగ్లీషు మాటతో వీకెండ్ అనేస్తారు, క్యుబెక్‌వాళ్లు పట్టుదలగా ఫాఁ ద సెమెన్ అంటారు. కాబట్టి రెండు గొంతులూ చెవికి అలవాటు చేసుకోండి.

రెండో గొంతుకు టీవీ5మోండ్ ఉంది. ఐదు ఛానళ్లు కలిసి 1984 జనవరిలో పెట్టినది, పేరులో ఐదు అందుకే. ఫ్రాన్స్‌వి మూడు, బెల్జియంది ఒకటి, స్విట్జర్లాండ్‌ది ఒకటి. ఫ్రెంచి నేర్చుకునేవారికి వాళ్లు విడిగా ఉచిత సైటు నడుపుతున్నారు, చిన్న వీడియోలు, వాటి మీద ప్రశ్నలు, స్థాయిలవారీగా. ఈ మాట మా పిన్నితో చెబితే "మన టీవీ5లో ఫ్రెంచి ఎప్పుడు వస్తుందే, వార్తల ముందా, తర్వాతా?" అని అడిగింది. హైదరాబాద్ టీవీ5కు దీనికి సంబంధం లేదని నచ్చచెప్పేసరికి పప్పు అడుగంటింది.

మళ్లీ కిచెనర్ కోడలు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు.

లెక్కల బాబు గారూ, యాప్ పెట్టుకున్నాను. రాత్రి పది గంటల వార్తలు, అదే టెలెజూర్నాల్, మర్నాడు వంట చేస్తూ చూస్తున్నాను. అర్థం కానిచోట వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ సుఖం యాంటెన్నాలో లేదు, ఒప్పుకుంటున్నాను. పంతులమ్మ గారి సైటు రోజూ ఇరవై నిమిషాలు.

ఇక తాతగారి 860. మాది 2011 నాటి కారు, ఏఎం బ్యాండ్, అదే మీడియం వేవ్, ఉంది. మొదటి రోజు గోదాము పార్కింగ్‌లో భోజన విరామంలో పెట్టాను. ఎంత స్పష్టంగా వచ్చిందంటే పక్క కారు అబ్బాయి అద్దం దించి చూశాడు. మొదటి వారం పెరుగన్నం తింటూ వినేదాన్ని, పదికి ఒక మాట చిక్కేది. రెండో వారం అంకెలు చిక్కడం మొదలైంది, వేడి ఎంత, గంట ఎంత. వాతావరణం చెప్పే ఆయన రోజూ అవే మాటలు వాడతాడు కాబట్టి నాకు ఆయనే గురువు.

మొన్న గురువారం పొద్దున మా పక్క ఊరు కేంబ్రిడ్జ్ వైపు వెళ్తున్నాను. రోడ్ల సంగతి చెబుతూ గబగబా ఏదో అంది ఆవిడ. అందులో "కాత్ర్ సాఁ" అన్నది పట్టుకున్నాను, వెనకాలే ఒకటి అన్నట్టు వినబడింది. నాలుగు వందల ఒకటి. తర్వాత "అక్సిదాఁ". ఇంకేదో మూసేశారని. ఒక్క క్షణం నా చెవులను నేనే నమ్మలేదు. నమ్మి, 401 హైవే ఎక్కకుండా ఊళ్ల మధ్యగా పోయాను. పనికి ఐదు నిమిషాల ముందే చేరాను. మిగతా వాళ్లు ఒక్కొక్కరే నలభై నిమిషాల తర్వాత వచ్చారు. సూపర్‌వైజరు "నీకు ఎలా తెలిసింది?" అని అడిగితే "రేడియోలో చెప్పారు" అన్నాను. ఏ భాషలో అన్నది చెప్పలేదు.

పరీక్ష జనవరిలో. తాతగారూ, యాంటెన్నా ఇంకా దించలేదు. పెద్దాయన దాన్ని బఫెలో వైపు తిప్పుకుని ఆటలు చూస్తున్నారు, దించుదామంటే ఒప్పుకోవడం లేదు. పొగమంచు పడిన రోజు మాత్రం నాకోసం మళ్లీ టొరంటో వైపు తిప్పుతానన్నారు. నేల తీగ వేయించాం.